రెండో డిశ్చార్జి

పోయిన నెల మా పెదనాన్నను మాజీ సైనికుల సమావేశానికి తీసుకెళ్ళాను. ఒక కల్యాణమండపంలో పెట్టారు. వేదిక మీద మాట్లాడినవాళ్ళంతా ఆసుపత్రుల గురించే మాట్లాడారు. ఏ ఆసుపత్రి కొత్తగా ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) జాబితాలోకి వచ్చింది, ఏది బిల్లులు రాలేదని కేసులు తీసుకోవడం మానేసింది, రెఫరల్ కాగితం ఎన్ని రోజులు చెల్లుతుంది. ఇలా రెండు గంటలు గడిచింది. చివర్లో ప్రశ్నలుంటే అడగమన్నారు. వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. చెవికి మిషన్, చేతిలో ప్లాస్టిక్ సంచి. "సాబ్, ఆస్పత్రిలో బాగనే చూసినారు. ఇంటికొచ్చినాక పాత బిళ్ళల్లో ఏవి మింగాల, ఏవి మానాల? అది ఎవురు చెప్తారు?" అన్నాడు. వేదిక మీదున్నాయన, "డిశ్చార్జి సమ్మరీలో అన్నీ రాసి ఉంటాయి, చదువుకోండి" అన్నాడు. పెద్దాయన కూర్చున్నాడు. తర్వాతి ప్రశ్న క్యాంటీన్ కార్డు గురించి.

పెదనాన్న నా మోచెయ్యి పట్టుకుని, "ఆయప్ప అడిగింది మన సంగతే రా" అన్నాడు. అప్పటి నుంచి ఆ మాట మనసులో తిరుగుతూనే ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వయసు మళ్ళిన మాజీ సైనికుడు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మొదటి రెండు వారాలు అతని బాగోగులు చూసే పని ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించాలి. ఆ మనిషి ఎవరో రోగికి తెలియాలి, ఆసుపత్రికి తెలియాలి, మందులిచ్చే ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కూ తెలియాలి. ఇప్పుడు అలాంటి మనిషి ఎవరూ లేరు.

శనివారం సాయంత్రం

పెదనాన్నది మద్రాస్ సాపర్స్, సైన్యంలో ఇంజినీర్ల దళం. బెంగుళూరు అలసూరు చెరువు దగ్గరున్న ఎం.ఈ.జీ. (మద్రాస్ ఇంజినీర్ గ్రూప్) సెంటర్లో ట్రైనింగ్ అయి, 1971 యుద్ధం చూసి, 1987లో హవల్దారుగా ఊరికి వచ్చేశాడు. ఆ దళం జవాన్లను పిలిచినట్టు ఎవరైనా "తంబీ" అని పిలిస్తే ఇప్పటికీ వెనక్కి తిరిగి చూస్తాడు. మా గిద్దలూరు వైపు పల్లెల్లో ఇలాంటివాళ్ళు చాలామంది. 1996 జనవరికి ముందు రిటైరైనవాళ్ళు చందా కట్టనక్కర్లేదు కాబట్టి, 2003లో ఈసీహెచ్‌ఎస్ మొదలయ్యాక ఆయనకు చందా లేకుండానే సభ్యత్వం వచ్చింది. ఆ కార్డే లేకపోతే రెండేళ్ళ కిందట ఆయన గుండె జబ్బుకు పొలం అమ్ముకోవాల్సి వచ్చేది. ఈ పథకం మీద నాకున్న గౌరవం చెప్పకుండా దాని లోటు గురించి రాయడం న్యాయం కాదు.

అప్పట్లో రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేవాడు. పట్నంలో ఎంప్యానెల్డ్ (పథకం జాబితాలో ఉన్న) ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంచారు. గుండె పంపింగ్ బాగా తగ్గిందన్నారు, ఒంట్లో చేరిన నీరు తీశారు. వైద్యానికి వంక పెట్టలేను. శనివారం పొద్దున డిశ్చార్జి అన్నారు. బిల్లు క్లియరెన్స్ వచ్చేసరికి సాయంత్రం ఐదున్నర అయింది. అప్పటికే వీల్‌చైర్ తలుపు దగ్గర పెట్టేశారు, ఆ బెడ్ కోసం కింద ఇంకో పేషెంట్ ఎదురుచూస్తున్నాడు. సిస్టర్ ఫైలు తెరిచి మందులు చెప్పింది. పొద్దున ఇది, రాత్రి ఇది, ఇది సగం, ఉప్పు తగ్గించాలి, నీళ్ళు లీటరున్నర దాటకూడదు, వారానికి రివ్యూకి రావాలి. మొత్తం మూడు నిమిషాలు పట్టి ఉంటుంది. ప్రతి మాటకూ పెదనాన్న "యస్ సిస్టర్" అన్నాడు. నేనూ తల ఊపాను. అర్థమైందనే అనుకున్నాను.

ఇంట్లో ఒక స్టీలు డబ్బా ఉంది. పాలీక్లినిక్ నుంచి నెలనెలా తెచ్చుకునే బీపీ, షుగర్ బిళ్ళలు అందులో ఉంటాయి. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కొత్త మందుల కవరు దాని పక్కనే పెట్టాం. అవి అయిపోకముందే నేను డిశ్చార్జి కాగితం తీసుకుని, రెండు బస్సులు మారి పాలీక్లినిక్‌కు వెళ్ళాను. ఆసుపత్రి కంపెనీ పేరుతో రాసిన మందును అక్కడ జెనరిక్‌గా ఇచ్చారు. అది పద్ధతి ప్రకారమే. తెచ్చి డబ్బాలో వేశాను.

పదకొండో రోజు తెల్లవారుజామున నాలుగింటికి బాత్రూమ్‌కని లేచి గడప దగ్గర కూలిపోయాడు. నుదుటి మీద ఆరు కుట్లు. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో డ్యూటీలో ఉన్న అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవేమో. బీపీ చూసి, "ఇంట్లో ఉన్న మందులన్నీ తెండి, ఒక్కటి కూడా వదలొద్దు" అంది. అన్నిటినీ టేబుల్ మీద పరిచింది. బీపీ తగ్గించే టెల్మిసార్టాన్ మూడు చోట్ల ఉంది. అంతకుముందు నెల పాలీక్లినిక్ ఇచ్చిన పాత స్ట్రిప్ ఒకటి, ఆసుపత్రి ఇచ్చిన కంపెనీ పేరుది ఒకటి, దానికి బదులుగా నేను తెచ్చిన జెనరిక్ ఒకటి. పేర్లు వేరు, రంగులు వేరు, లోపల ఉన్నది ఒకటే మందు. పెదనాన్న మూడింటినీ వేళకు, ఒక్క పూట కూడా తప్పకుండా మింగాడు.

ఎవరి తప్పని అడిగితే ఇప్పటికీ నేను చెప్పలేను. ఆసుపత్రి రాసింది సరైన మందే. పాలీక్లినిక్ ఇచ్చిందీ సరైనదే. నేను తెచ్చాను, ఆయన మింగాడు. నలుగురం ఎవరి పని వాళ్ళం చేశాం. మూడు స్ట్రిప్‌లనూ ఒకచోట పెట్టి చూసే పని మాత్రం మాలో ఎవరిదీ కాదు.

ఎం.ఐ. రూమ్ మాటలు

కుట్లు మానేదాకా పది రోజులు ఊళ్ళోనే ఉండిపోయాను. ఫౌజులో ఒంట్లో బాగా లేకపోతే ఏం చేసేవాళ్ళని ఒక సాయంత్రం అడిగాను. పెదనాన్న చాలాసేపు చెప్పాడు. సిక్ రిపోర్ట్ చేసి ఎం.ఐ. రూమ్‌కు, అంటే యూనిట్‌లో డాక్టర్ చూసే గదికి, పోవాలి. డాక్టర్ చూసి, ఇన్ని రోజులు లైట్ డ్యూటీ అని రాస్తాడు. ఆ సంగతి జవాను దగ్గరే ఆగిపోదు, యూనిట్‌కు చేరుతుంది. హవల్దార్ మేజర్‌కు తెలుస్తుంది, పక్క మంచం వాడికి తెలుస్తుంది. మెస్ నుంచి పళ్ళెం వాడే తెచ్చి పెడతాడు. మిలిటరీ హాస్పిటల్లో పెద్ద ఆపరేషన్ అయితే, ఒంటి ఆరోగ్యాన్ని బట్టి ఇచ్చే మెడికల్ కేటగిరీ తగ్గించి పంపుతారు. మళ్ళీ మెడికల్ బోర్డ్ ముందు నిలబడి, డాక్టర్లు ఒప్పుకుంటేనే పాత కేటగిరీ. "నేను బాగనే ఉండా" అని వాడు ఎంత మొత్తుకున్నా లెక్కలోకి రాదు.

ఇంకో అలవాటు కూడా చెప్పాడు. ఆర్డర్ విన్నవాడు దాన్ని మళ్ళీ అప్పజెప్పాలి. ఎక్కడికి, ఎన్ని గంటలకు, ఎంతమంది, ఏం సామాను. ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటి నుంచి. "యస్ సర్ అంటే సరిపోదు రా. చెప్పింది తిరిగి చెప్పాల" అన్నాడు. నాకు వెంటనే ఆ శనివారం సాయంత్రం కళ్ళముందు కనబడింది. ఆ సిస్టర్, "రేపు పొద్దున ఏమేం బిళ్ళలు వేసుకుంటారో నాకు చెప్పండి తాతగారూ" అని ఒక్కసారి అడిగి ఉంటే ఆయన స్టీలు డబ్బా సంగతి కూడా చెప్పేవాడు. రోగికి చెప్పినదాన్ని రోగి చేతే తిరిగి చెప్పించే ఈ పద్ధతిని నర్సింగ్‌లోనూ నేర్పిస్తారు. ఇంకో ఐదు నిమిషాలు పడుతుంది, అంతే. కానీ బెడ్ కోసం కింద ఒక మనిషి ఆయాసపడుతూ కూర్చున్నప్పుడు ఆ ఐదు నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆ సిస్టర్ ఆ సాయంత్రం ఇంకెంతమందిని పంపించాలో. ఆమెను ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు.

డిశ్చార్జి అనే మాట మాజీ సైనికులకు కొత్త కాదు. సైన్యం వదిలినప్పుడు ఇచ్చిన డిశ్చార్జి బుక్‌ను పెదనాన్న గుడ్డలో చుట్టి ఇనప్పెట్టెలో దాచుకున్నాడు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఏ పని మీద పోయినా ముందు దాన్నే అడుగుతారు. సర్వీసు వివరాలు, కుటుంబం వివరాలు, మెడికల్ కేటగిరీ, అంతా ఆ చిన్న పుస్తకంలోనే. ఆసుపత్రి ఇచ్చిన ఫైలు నలభై పేజీలు. రక్తపరీక్షలు, ఎకో రిపోర్ట్, ఈసీజీ కాగితాలు, బిల్లు నకళ్ళు. "ఈ కింది మందులు ఇక మానెయ్యండి" అనే వాక్యం అందులో వెతికాను. లేదు. కొత్తవి రాశారు, పాతవాటి ఊసే లేదు. కుట్లు పడిన తర్వాతి వారం, వేరే ముగ్గురు మాజీ సైనికుల ఫైళ్ళు అడిగి తీసుకుని చూశాను. వాటిలోనూ అంతే.

"బాగనే ఉండాలే"

ఇది కొడుకులూ కూతుళ్ళూ చూసుకోవాల్సిన పని కదా అంటారు. మా అన్నయ్య పుణేలో ఉంటాడు, అక్క డల్లాస్‌లో. ఇద్దరూ మంచివాళ్ళు, రోజూ వీడియో కాల్ చేస్తారు. "ఎట్లుండావు నాన్నా?" "బాగనే ఉండాలే." ఫోన్‌లో ముఖం కనబడుతుంది. వాచిన పాదాలు మంచం కింద ఉంటాయి. పైగా ఈయన నొప్పి చెప్పుకోవడం చిన్నతనంగా భావించే మనిషి. ఊరికే సిక్ రిపోర్ట్ చేసేవాణ్ణి కామ్‌చోర్ అని ఎగతాళి చేసేవాళ్ళట. ఇరవై ఏళ్ళు అలా బతికినవాడు డెబ్భై ఆరేళ్ళకు ఉన్నట్టుండి, "నాకు ఆయాసంగా ఉంది నాన్నా" అని కొడుకుతో చెబుతాడా?

సైనికులకే ఎందుకు అనే ప్రశ్న ఇంతకంటే బరువైనది. అదే నెలలో మా వీధిలో ఒక కూలి మనిషి ఆరోగ్యశ్రీలో స్టెంట్ వేయించుకుని వచ్చాడు. ఆయనకు పాలీక్లినిక్ లేదు, క్యాంటీన్ లేదు, పింఛను తక్కువ. మందుల గందరగోళం మాత్రం అంతే. నేను పెదనాన్న గురించి రాస్తూ ఆయన్ని వదిలేస్తే అది స్వార్థమే. నాకు తోచిన జవాబు ఇది: మాజీ సైనికుల విషయంలో కావలసినవన్నీ ఇప్పటికే ఉన్నాయి. పాలీక్లినిక్ ఉంది, జిల్లా కార్యాలయం ఉంది, ఆ కార్యాలయంలో ఊళ్ళు తిరిగే వెల్ఫేర్ ఆర్గనైజర్లు ఉన్నారు. ఇన్ని ఉన్నచోటే ఇది కుదరకపోతే కూలి మనిషికి ఎప్పటికి కుదురుతుంది? ముందు ఇక్కడ చేసి చూపిస్తే, ఆశా కార్యకర్తలకూ ఏఎన్‌ఎమ్‌లకూ ఇదే పని, దానికి తగిన జీతంతో, అప్పగించమని అడగొచ్చు. ఈ జవాబుతో నాకే పూర్తిగా తృప్తి లేదు.

ఇక ఫౌజీ అంటేనే క్రమశిక్షణ, ఆయన పని ఆయన్నే చేసుకోనివ్వమని కొందరంటారు. నేను అందరికంటే ఎక్కువ నమ్మింది దీన్నే.

కుట్లు విప్పాక వారానికి ఏడు గళ్ళుండే మందుల డబ్బా కొనుక్కొచ్చాను. "నేనేమన్నా పసిపిల్లోణ్ణా?" అని పక్కకు నెట్టేశాడు. లాంగ్ నోట్‌బుక్ తెప్పించుకుని, గార్డ్ డ్యూటీ రిజిస్టర్‌లాగా గీతలు కొట్టాడు. తేదీ, టైమ్, బరువు, బీపీ, బిళ్ళలు, సంతకం. గుండె పంపింగ్ తగ్గినవాళ్ళు రోజూ పొద్దున బరువు చూసుకోవాలని, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతున్నట్టేనని, వెంటనే ఫోన్ చేయాలని డాక్టర్ చెప్పాడు. రిజిస్టర్‌లో ఆ గీతలు, ఆ సంతకాలు చూసి మురిసిపోయాను. ఫొటో తీసి అన్నయ్యకూ అక్కకూ పంపాను. నిశ్చింతగా హైదరాబాద్ వచ్చేశాను.

ఆరు వారాల తర్వాత పక్క ఊరి కుర్రాడొకడు ఇంటికొచ్చాడు. కుర్రాడంటే నలభై రెండేళ్ళవాడు. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాడు. వచ్చింది పొలం గట్టు పంచాయితీ మీద. "జై హింద్ సాబ్" అని కూర్చుని, మాట్లాడుతూనే పెదనాన్న కాలి మీద బొటనవేలితో నొక్కాడు. గుంట పడి అలాగే నిలబడింది. రిజిస్టర్ చూపించమన్నాడు. నాలుగు రోజులుగా 61, 61, 61, 61. "సాబ్, ఒకసారి మిషన్ ఎక్కండి" అన్నాడు. 64 చూపించింది.

పెదనాన్న దొంగ లెక్క రాశాడు. అంతకుముందు వారం బంధువుల పెళ్ళిలో మూడు రోజులు గోంగూర పచ్చడి, అప్పడాలు తిన్నాడు. బరువు పెరగడం చూశాడు. చెబితే మళ్ళీ ఆసుపత్రిలో పడేస్తారని భయపడ్డాడు. "ఆ తొమ్మిది దినాలు మళ్ళా నావల్ల కాదు రా" అన్నాడు తర్వాత నాతో, నా ముఖం చూడకుండా. ఆయన అబద్ధం చెప్పగా నేను చూడటం అదే మొదలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన మీద కోపం కాదు. ఆ రిజిస్టర్ చూసి నేను ఎంత సులువుగా ధైర్యం తెచ్చుకున్నానో తలచుకుంటే భయమేసింది.

ఆ కుర్రాడు అక్కడి నుంచే డాక్టర్‌కు ఫోన్ చేశాడు. నీరు పోవడానికి ఇచ్చే బిళ్ళ డోసు డాక్టర్ పెంచాడు, నాలుగు రోజుల్లో వాపు తగ్గింది. ఆసుపత్రి గడప తొక్కే పని పడలేదు. ఇంకొకటి కూడా ఆ కుర్రాడే అడిగాడు: క్యాంటీన్ రమ్ము ఆపేశారా సాబ్ అని. మా ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. పెద్దమ్మ అడగలేదు, నేను అడగలేదు, అన్నయ్య అడగలేదు. వారానికి రెండుసార్లు చిన్న పెగ్గు నడుస్తోందని అప్పుడు తెలిసింది. మాకు చెప్పనిది వాడికెలా చెప్పావని అడిగితే, "వాడు ఎం.ఐ. రూమ్ మనిషి. వాని ముందర ఏం దాస్తాం?" అన్నాడు.

ఒక మనిషి

మన సైన్యం నుంచి ఏటా సుమారు 60 వేల మంది రిటైరవుతారు. సిపాయిలు, నాయక్‌లు, హవల్దార్లలో చాలామందికి అప్పటికి నలభై అటూ ఇటూ. ఊరికొచ్చి అపార్ట్‌మెంట్ల దగ్గర, ఏటీఎమ్‌ల దగ్గర సెక్యూరిటీ ఉద్యోగాలు వెతుక్కుంటారు. వాళ్ళలో నర్సింగ్ అసిస్టెంట్లుగా చేసినవాళ్ళు ఉన్నారు. ఒక ముసలాయన డిశ్చార్జి అయిన రోజే అలాంటి ఒకరి పేరు కాగితం మీద రాయాలన్నది నా కోరిక. మర్నాడు ఒకసారి, మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు ఇంటికి వెళ్ళాలి. ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ మంచం మీద పరిపించాలి. ఏవి ఎప్పుడు వేసుకుంటారో ఆయన చేతే చెప్పించాలి. బరువు మిషన్ ఎక్కించాలి, కాలు నొక్కి చూడాలి. అనుమానమొస్తే పాలీక్లినిక్ డాక్టర్‌తో మాట్లాడించాలి. మందులు మార్చే అధికారం మాత్రం అతనికి ఉండకూడదు. 2021లో రక్షణ శాఖ 'సేహత్ ఓపీడీ' అని ఆన్‌లైన్‌లో డాక్టర్‌ను చూపించుకునే ఏర్పాటు మొదలుపెట్టింది. మంచి ఆలోచన, కానీ పెదనాన్న తనంతట తాను అది తెరవలేడు. పక్కన ఫోన్ పట్టుకుని ఇలాంటి మనిషి కూర్చుంటే తెరుస్తాడు. ఈ పనికి డబ్బు ఇవ్వాలి, సేవ పేరుతో ఊరికే చేయించుకోకూడదు. ఒకాయన మళ్ళీ ఐసీయూలో చేరితే అయ్యే బిల్లు ముందు ఈ ఖర్చు ఎంత?

అనుమానాలు నాకూ ఉన్నాయి. పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళో అయితే ఇలాంటి మనిషి నాలుగిళ్ళ అవతలే దొరుకుతాడు. మండలం మొత్తానికి ఒక్కడే మాజీ సైనికుడు ఉన్నచోట ఎవరు వస్తారు? పాలీక్లినిక్‌లో పనిచేసేవాళ్ళు కాంట్రాక్ట్ మనుషులు, పొద్దున్నుంచీ క్యూ చూస్తూనే సరిపోతుంది, ఈ ఫోన్లు కూడా వాళ్ళ మీద వేస్తే ఎలా? ఇది కూడా చివరికి ఒక ఫారమ్‌గా మారి, వెళ్ళకుండానే వెళ్ళినట్టు రాసే రోజు రావచ్చు. పెదనాన్నంతటి మనిషే నాలుగు రోజులు 61 అని రాశాడు కదా. అయినా సరే, ఎవరూ గడప తొక్కని రెండు వారాల కంటే నాలుగుసార్లలో రెండుసార్లు నిజంగా వచ్చినా నయం.

ఇంత రాసి పెద్దమ్మ గురించి ఇప్పటిదాకా సరిగ్గా చెప్పలేదు. ఇంట్లోనూ మేము చేసింది ఇదే. బిళ్ళలు ఇచ్చేది ఆవిడే. ఇంగ్లీషు చదవలేదు, తెలుగు చదువుతుంది. ఇన్నేళ్ళూ రంగును బట్టి గుర్తుపెట్టుకుంది: తెల్లది పొద్దున, గులాబీది రాత్రి. సరఫరా చేసే కంపెనీ మారితే రంగు మారుతుంది, అప్పుడు ఆవిడ లెక్కంతా తప్పుతుంది. ఇప్పుడు నేను వెళ్ళినప్పుడల్లా ప్రతి స్ట్రిప్ మీద మార్కర్‌తో తెలుగులో రాసి వస్తున్నాను: గుండె, పొద్దున, బీపీ, రాత్రి, నీరు, పొద్దున టిఫిన్‌కు ముందు. పాలీక్లినిక్ కౌంటర్ దగ్గర ఇది చేయడానికి ఒక్క మార్కర్ చాలు. ఆవిడకూ షుగర్ ఉంది, మోకాళ్ళు వంగవు. ఆయన పడిపోయిన తెల్లవారుజామున ఒక్కతే ఆయన్ని మంచం దాకా లాక్కొచ్చింది. నెల తర్వాత గానీ తన నడుం నొప్పి సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరం అడగనూ లేదు. ఇంటికొచ్చే ఆ మనిషి ఆవిణ్ణి కూడా కూర్చోబెట్టి, "నువ్వెట్లుండావమ్మా?" అని అడగాలి.

పోయిన మంగళవారం పెదనాన్న ఫోన్ చేశాడు. సమావేశంలో ప్రశ్న అడిగిన పెద్దాయన ఊరు కనుక్కుని, ఆ నర్సింగ్ అసిస్టెంట్ బండి వెనక కూర్చుని వెళ్ళాడట. ప్లాస్టిక్ సంచిలో పదమూడు రకాల స్ట్రిప్‌లున్నాయి. ఫొటోలు పంపించారు. నేను డాక్టర్‌ను కాను. రెండింటి మీద ఒకటే మందు పేరు కనబడింది, మిగతావి నాకు తెలియవు. డాక్టర్‌కు చూపించకుండా ఏదీ మార్చొద్దన్నాను. పాలీక్లినిక్ నంబర్‌కు అప్పటికే నాలుగుసార్లు చేశారట, రింగవుతోంది గానీ ఎవరూ ఎత్తలేదు.

"పొద్దున ఆరింటి బస్సుకు ముగ్గురం పోతన్నాం" అన్నాడు పెదనాన్న. "బరువు మిషన్ గూడా సంచిలో పెట్టినా."